పాలూ అరటిపండూ ఉపవాసం కాదట

జూన్ 2
అత్తకి కడుపులో మళ్ళీ పుండు. మాత్రలతో మానుతుంది, మళ్ళీ లేస్తుంది. తన్లిన్ రేవులో డ్యూటీ నుంచి వస్తూనే మా ఆయన — "ఈపాలి కూరలో మిరపకాయలెన్నేసినావు?" పెళ్ళయినప్పటి నుంచీ ఇదే నింద. ఒళ్ళు మండింది. కంచం కాస్త గట్టిగానే పెట్టాను.

జూన్ 4
డాక్టరమ్మ బర్మా భాషలో చెప్పింది, అత్తకి నేను తెలుగులో చెప్పాను. తిండి పడగానే కడుపు గోడలోంచి గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ రక్తంలోకి వెళ్ళి, ఆమ్లం చేసే కణాలను పనిలోకి దింపుతుంది. ఆమ్లం సరిపడా అయ్యాక మరో హార్మోన్ దాన్ని ఆపుతుంది. అత్తకి ఆగడం లేదేమో... ఎక్కడో చిన్న గడ్డ ఉండి, గ్యాస్ట్రిన్‌ను అదేపనిగా వదులుతోందేమో. రక్తపరీక్ష చేయాలి.
కారం కాదట. బస్సులో సంబరపడ్డాను. కాసేపటికి గడ్డ అన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

జూన్ 5
వాడుతున్న మాత్ర వారం ఆపాలి. దానివల్ల కూడా ఆ హార్మోన్ పెరుగుతుందట. బదులు వేరేది, అంత బలంలేని మందు. మలం నల్లగా ఉంటే పుండు నుంచి రక్తం పోతున్నట్టట, వెంటనే రమ్మంది డాక్టరమ్మ.

జూన్ 9
మాత్ర ఆపాక కడుపులో మంట. అత్త గోడకి ఆనుకుని కూర్చునే ఉంది.

జూన్ 12
పరగడుపున రక్తం ఇచ్చి వచ్చాం.

జూన్ 16
హార్మోన్ చాలా ఎక్కువ. ఆ పొద్దున ఏమీ తినలేదు కదా, అని డాక్టరమ్మ. అత్త ధీమాగా — "నానేటి తిన్నాను? పాలు, రెండరటిపళ్ళు. మెతుకు ముట్టనేదు. ఉపాసమంటే అదే కదేటి?"
ఏకాదశికి ఉన్నట్టే ఉంది, మహాతల్లి. ఉపవాసం సంగతి ఆవిడకి నేను చెప్పేదేమిటని నీళ్ళు తప్ప ఏదీ వద్దని విడిగా చెప్పలేదు. ఆ హార్మోన్ లేవడానికి పాలు చాలట. ఈ లెక్క నమ్మలేం, మళ్ళీ తీద్దాం, అందాకా పాత మాత్ర వద్దు అంది డాక్టరమ్మ.

జూన్ 17
ఆయనకి చెప్పాను. చెయ్యి కడుక్కుంటూ — "అయితే నీ కారం కాదన్నమాట."
గెలిచినట్టే లేదు. నా కారమే అయితే ఎంత బాగుండేది. రేపటి నుంచి చప్పిడి వండేదాన్ని.

జూన్ 20
తెల్లారకముందే లేచి వంటింట్లో కూర్చున్నాను. అత్త పాలగిన్నె వైపు చూసి — "ఒక్క గుక్క..."
"వద్దత్తా."
పసిపిల్ల నోటి దగ్గరిది లాక్కున్నట్టయింది. వీధి చివర మోహింగా చేపల పులుసు కుండ పొగలు కక్కుతోంది. చెయ్యి పట్టుకుని దాటించాను. నేనూ తినలేదు.
రక్తం తీశాక బెంచీ మీద దూది నొక్కుకుంటూ అత్త — "గెడ్డయితే నాకు సెప్తావా? నా కొడుకు సెప్పడు."
చెప్తానన్నాను. బస్సు దిగేదాకా నా చెయ్యి వదల్లేదు.

జూన్ 24
ఫోనులో ఆస్పత్రి నంబరు. మోగి మోగి ఆగిపోయింది. లోపల్నించి అత్త — "ఎవులే?"
ఫోను పట్టుకుని వెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను. మళ్ళీ మోగుతోంది...