అడుగులకు పంచిన ప్యాకెట్లు

జూన్ 9, సోమవారం

చెప్పేది నేను, దాలమ్మను. రాసేది మా కోడలు శ్రావణి. నాకు అక్షరం ముక్క రాదు. కేసు వేయాలంటే ఏ రోజు సంగతి ఆ రోజే రాసుకోవాలని శ్రావణే అంది. ఎవరికీ చూపించేది కాదు. మా దగ్గరే ఉంటుంది.

మా మనవడు మహీధర్ పోయిన వారం అడుగులు వేశాడు. బిడ్డ నడిస్తే వీధిలో ఇంటింటికీ అరిసెలు పంచాలి. శ్రావణి బియ్యం నానబోసింది కూడా. నేనే వద్దన్నాను. అరిసెలు అందరూ పంచుతారు. కంచిలి కొట్టులో పసిపిల్లల పఫ్స్ ప్యాకెట్లు చూశాను. మీద బొద్దుగా ఒక పిల్లాడి బొమ్మ. నోట్లో వేస్తే కరిగిపోతాయట. మా మహీకి అవంటే ప్రాణం. చంటిపిల్లలున్న ప్రతి ఇంటికీ పళ్ళెంలో పసుపు కుంకుమతో ఒక ప్యాకెట్ పంపించాను. భవాని ఇంటికీ పంపించాను. తుఫానుకి మా కొబ్బరిచెట్టు వాళ్ళ పెరట్లో పడినప్పుడు కాయలు ఎవరివన్న గొడవలో మా మధ్య మాటలు ఆగిపోయాయి. అయినా పంపించాను. చూసి ఏడవాలని.

ఆ ఆఖరి ముక్క రాయొద్దన్నాను. రాసేసింది.

ఇవాళ శ్రావణి ఫోన్‌లో చూసింది. ఆ పఫ్స్‌ని కంపెనీ వాడే వెనక్కి తీసుకుంటున్నాడట. రీకాల్ అంటారట. అందులో సీసం కలిసిందట. సీసం నాకు తెలుసు. బారువలో మా పుట్టింటి వైపు వలలకి కట్టే గుండ్లు. వల అడుక్కి దిగడానికి కట్టేది పసివాడి కడుపులోకి ఎందుకు దిగాలి?

మా ఇంట్లో మిగిలిన ప్యాకెట్ మీది బ్యాచ్ నంబరు, ఫోన్‌లో నంబరు ఒకటే. శ్రావణి మళ్ళీ చదివింది. ఆ తరవాత పిల్లాడిని చంకనేసుకుని ఇల్లంతా తిరుగుతూనే ఉంది.

జూన్ 10, సాయంత్రం

పొద్దున్నే కంచిలి వెళ్ళాను. కొట్టు కామేశ్‌ది. కంపెనీవోడు నాకేటీ సెప్పలేదు మామ్మా, ఫోనుల్లో వచ్చినవన్నీ నమ్మీస్తావేటి అన్నాడు. అయితే నా ఎదురుగా తిను అని ప్యాకెట్ చింపి చేతిలో పెట్టాను. పట్టుకున్నాడు. తినలేదు. మంగళవారం, ఉపవాసం అన్నాడు. ఇడ్లీ పొట్లం కాగితం ఇంకా బల్ల మీదే ఉంది.

కొట్టు మెట్ల మీద కూర్చున్నాను. పిల్లని ఎత్తుకుని వచ్చిన ప్రతి తల్లికీ చెప్పాను. ఎండ ముదిరేసరికి కామేశ్ దిగొచ్చాడు. మామ్మా, నీకు దండం, పెట్టె లోపల ఎట్టీసినాను, ఇంటికెల్లు అన్నాడు. లోపల పెడితే రేపు సంతకి పోతుంది, ఫినాయిల్ పొయ్యి అన్నాను. పోశాడు.

సాక్ష్యం అంతా పాడుచేశావు అత్తా అని శ్రావణి తల పట్టుకుంది. ముందు పిల్లలా, సాక్ష్యమా?

జూన్ 11

మహీని పలాస తీసుకెళ్ళాం. రక్తం తీశారు. ఇక్కడ ఆ టెస్టు లేదు, విశాఖ ల్యాబ్‌కి పంపాలన్నారు. సూది దిగినప్పుడు వాడు నా వైపే చూశాడు.

మహీ తండ్రి, మా ఢిల్లీబాబు చెన్నై నుంచి ఫోన్ చేశాడు. వాడిని కన్నది నేనే, అయినా ఫోన్ శ్రావణి చేతిలో పెట్టేశాను. శ్రావణే మాట్లాడింది.

జూన్ 12

ఇల్లిల్లూ తిరిగాను. రూప సగం తిన్న ప్యాకెట్ తెచ్చి ఇచ్చింది. ఇస్తూ ఏడ్చింది. వాళ్ళ అత్త గౌరీశ్వరి మాత్రం ఆ ప్యాకెట్ రెండో కొస పట్టుకుని గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ఓలమ్మా, అడుగులకిచ్చింది ఎనక్కడుగుతారేటి, గుంటడి అడుగులు ఎనక్కెల్లిపోవా అంది. పోతే పోనీ అన్నాను. అనకూడదు. నోరు జారింది. ప్యాకెట్ మాత్రం లాక్కునే వచ్చాను.

జూన్ 13

మహీ నడవడం లేదు.

జూన్ 14, ఉదయం

సూది పోటుకి భయపడి ఉంటాడు, పిల్లలు ఒక్కోసారి మానేసి మళ్ళీ మొదలుపెడతారని డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పిందట. సీసానికి కాళ్ళు పడిపోతాయా అని అడగమన్నాను. శ్రావణి అడగలేదు. అడగడానికి భయం.

నిలబెడితే కూలబడుతున్నాడు. పాకుతున్నాడు. గౌరీశ్వరి మాట నేను నమ్మను. నమ్మనని మూడు పూటల నుంచీ నాకు నేనే చెప్పుకుంటున్నాను.

సాయంత్రం

ఇంక భవాని ప్యాకెట్ ఒక్కటే రావాలి. మనిషిని పంపితే అయిపోయింది, తినీసినాది అని కబురు. ఖాళీ కవరైనా చూపించమంటే లేదంది. అబద్ధం. నాకు తెలుసు.

జూన్ 15

భవాని ఇంటి పెరట్లోకి వెళ్ళి రోటి మీద కూర్చున్నాను. లేవనన్నాను.

నీ ఇంటి తిండి నా పిల్లకి ఎడతాననుకున్నావేటి అంది. నువ్వు ఏటి కలిపి పంపినావో నాకేటి తెలుసు, అందుకే మా సెల్లి వస్తే దానికిచ్చీసినాను అంది. అనేసి ఆగిపోయింది. ఏం అన్నదో అప్పుడు అర్థమైంది దానికి. ఫోన్ కోసం ఇంట్లోకి పరుగెత్తింది.

చెల్లెలు భాగ్యశ్రీ ఇచ్ఛాపురంలో ఉంటుంది, దానికీ చంటిపిల్ల ఉంది. ఫోన్ చేస్తే అత్తగారు ఎత్తి, తిండి పారెయ్యమంటారేటి మీ తెలుగోలు అని ఒడియాలో కసిరి పెట్టేసిందట.

జూన్ 16

భవాని, నేను కలిసి బస్సు ఎక్కాం. సోంపేట దాటేదాకా చెరో సీట్లో కూర్చున్నాం.

మేం వెళ్ళేసరికి ఆ ముసలి అత్తగారు మనవరాలి చేతిలో పఫ్ పెట్టి, పాలగిన్నె పట్టుకుని ఉంది. పిల్ల చేతిలోంచి ఊడలాక్కున్నాను. పిల్ల గుక్కపట్టింది. ముసలావిడ నన్ను పట్టుకుంది. నాకు ఒడియాలో తిట్లు తప్ప ఏమీ రావు. అవే వాడాను. భవాని మధ్యలోకి దూరి, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఆవిడ భాషలోనే చెప్పింది. భాగ్యశ్రీ వచ్చేసరికి ఆ ముసలావిడే పిల్ల నోరు కొంగుతో తుడుస్తోంది. తుడిచిన చోటే తుడుస్తోంది.

వాళ్ళూ పిల్లకి టెస్టు కోసం రక్తం తీయించారు.

వచ్చేటప్పుడు భవాని నాకు కిటికీ సీటు ఇచ్చింది. నువ్వంటే పడక నా పిల్ల బతికిపోనాది అత్తా అంది. నవ్వాలో చెంప మీద ఒకటి వెయ్యాలో తెలియలేదు.

జూన్ 20

రిపోర్ట్ వచ్చింది. మహీ రక్తంలో సీసం కొంచెం ఉందట. భయపడేంత కాదట. మూడు నెలలు పోయాక మళ్ళీ చూద్దామన్నారు. కొంచెం అంటే ఎంతని అడిగాను. డాక్టరమ్మ అంకె చెప్పింది. ఆ అంకె పిల్లాడిలో ఎక్కడ కూర్చుందని అడిగాను. ఆవిడ పెన్ను మూత పెట్టింది.

ఇచ్ఛాపురం పిల్ల రిపోర్ట్ ఇంకా రాలేదు. భవాని పొద్దుట నుంచీ మా అరుగు మీదే ఉంది.

టెక్కలి లాయరు రవిశంకర్‌తో శ్రావణి మాట్లాడింది. బిడ్డకేటీ అవ్వనేదు కదమ్మా, కేసుకి బలం సాలదు అన్నాడట. ఫోన్ లాక్కున్నాను. బలం చాలడానికి బిడ్డకి ఏం కావాలో చెప్పు బాబూ అన్నాను. పెట్టేశాడు.

మహీ ఇంకా పాకుతూనే ఉన్నాడు.

జూన్ 22

మహీ లేచి నడిచాడు. ఎవరూ నిలబెట్టలేదు. వాకిలి దాటి, మట్టిలోంచి ఏదో ఏరి నోట్లో వేసుకున్నాడు. పరుగెత్తి వేలు పెట్టి తీయబోయాను. కొరికాడు.

రక్తం వచ్చింది. నాది.