క్లింట్ పట్టిన నీళ్లు

ఆరిజోనా ఎడారి, నవంబరు

ప్రియమైన జనెల్‌కి,

నా రాత కోడి గీకినట్టుంటుంది, ఓపిగ్గా చదువుకో. ఫోనులో అయితే క్లింట్ పేరు రాగానే అత్తాకోడళ్లం ఇద్దరం మూగబోతున్నాం. అందుకే ఉత్తరం.

నా కొడుకు వదిలివెళ్లిన ట్రైలర్‌ని, ఈ చక్రాల ఇంటిని, ఇక్కడిదాకా నేనే లాక్కొచ్చాను. చలికాలమంతా ఒక్కదాన్నే దీన్ని చూసుకోగలిగితే నాకే ఉంచుతానన్నావు, లేకపోతే అమ్మేస్తానన్నావు. అమ్మనివ్వనమ్మాయ్.

అయితే వస్తూనే ఒక తప్పు చేశాను. మరుగుదొడ్డి ట్యాంకుకి గొట్టం తగిలించి, రెండో కొస మురుగు గుంటలో పెట్టి, వాల్వు తెరిచే ఉంచేశాను. ఎప్పటిదప్పుడు పోతుంటే శుభ్రంగా ఉంటుంది కదా అనుకున్నాను. పక్క ట్రైలర్‌లో ఓర్వల్ అని ఒక ముసలాయన ఉన్నాడు. వాసన పట్టుకుని వచ్చేశాడు.

"ఏమ్మా ఆర్డిత్, లోపల కోట కడుతున్నావా? నీళ్లు జారిపోయాయి, సరుకంతా అక్కడే గట్టిపడింది. వాల్వు మూసెయ్. నిండనివ్వు. నిండాక ఒక్కసారి వదిలావంటే అన్నిటినీ తోసుకుపోతుంది" అన్నాడు.

సిగ్గుతో చచ్చాను. వాల్వు మూసి, ట్యాంకు నిండా నీళ్లు పోసి నానబెట్టాను. తర్వాత చేతులకి తొడుగులు వేసుకుని వదిలాను. గొట్టం మొదట్లో అద్దంలాంటి ముక్క ఉంటుంది చూడు, అందులో నీళ్లు తేటపడేదాకా కదల్లేదు. స్నానాల నీళ్ల ట్యాంకు చివర్న వదిలితే ఆ సబ్బునీళ్లతో గొట్టం కూడా కడుక్కుపోతుందట. అదీ నేర్చుకున్నాను.

ఇట్లు,
పట్టు వదలని మీ అత్త
ఆర్డిత్

నెబ్రాస్కా, నవంబరు

ప్రియమైన అత్తయ్యకి,

ఆ కోట సంగతి చదివి నవ్వాను. మీ అబ్బాయి పోయాక నవ్వడం ఇదే మొదలు. నవ్వాక చాలాసేపు ఏదోలా ఉంది.

ఒక్క మాట అడగాలి. మంచినీళ్ల ట్యాంకు ఖాళీ చేశారా? ట్రైలర్ వేసవంతా మా పెరట్లో ఎండకి ఉంది. లోపల నీళ్లు పాతవి. పూర్తిగా వదిలేసి, కాస్త బ్లీచు కలిపిన నీళ్లు నింపి, ఒక రాత్రి ఉంచండి. మర్నాడు వాసన పోయేదాకా కడిగి, కొత్త నీళ్లు పట్టుకోండి. అప్పటిదాకా ఆ నీళ్లు ముట్టుకోవద్దు. చేశాక నాకు రాయండి.

మీ కోడలు,
జనెల్

ఆరిజోనా ఎడారి, డిసెంబరు

ప్రియమైన జనెల్‌కి,

ఇక్కడ రాత్రుళ్లు చలి కొరుకుతోంది. అందరం మంట చుట్టూ కూర్చుంటున్నాం. స్నానాల నీళ్ల ట్యాంకు తొందరగా నిండిపోతోందని గిన్నెలు బేసినులో కడిగి, ఆ నీళ్లే మరుగుదొడ్డిలో పోస్తున్నాను. ఒంటికి తడిగుడ్డ చాలు. నా పొదుపు చూస్తే క్లింట్ మురిసిపోయేవాడు.

వాడకానికి ఈ ట్రైలర్ల వరస చివరనున్న కొళాయి నుంచి బక్కెట్లతో మోసుకొస్తున్నాను. నడక ఒంటికి మంచిదేగా. ట్యాంకు సంగతి చూస్తాలే, తొందరేముంది.

కడుపులో కొంచెం బాగోలేదు. ఓర్వల్ వండిన చిక్కుడుగింజల కూర అయి ఉంటుంది. అతనికి వండటం రాదు, చెబితే ఒప్పుకోడు.

ప్రేమతో,
మీ అత్త

నెబ్రాస్కా, జనవరి

అత్తయ్యకి,

ఓర్వల్ ఫోను చేశాడు. వాంతులతో మంచాన పడ్డారట, ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్లాడట. ఏం నీళ్లు తాగారని డాక్టరు అడిగితే మీరు గోడకేసి చూశారట. ఆ ట్యాంకు నీళ్లే తాగారని నాకిక ఎవరూ చెప్పక్కర్లేదు.

అవి ఎవరు పట్టిన నీళ్లో నాకు తెలుసు. పోయే ముందురోజు మీ అబ్బాయి ట్యాంకు నింపుతుంటే గొట్టం పట్టుకున్నది నేనే. "అమ్మకి ఎడారి చూపిద్దాం, నిండుగా ఉండాలి" అన్నాడు. మీరు హాయిగా తాగాలని ఆయన పట్టిన నీళ్లే మిమ్మల్ని మంచాన పడేస్తే నేనెలా చూస్తూ ఊరుకోను?

శనివారం వస్తున్నాను. ట్రైలర్ తీసుకొచ్చేస్తాను. కొనేవాళ్లున్నారు. కోప్పడినా సరే.

జనెల్

ఆరిజోనా ఎడారి, శనివారం పొద్దున

ప్రియమైన నా తల్లీ,

పోస్టులో వేస్తే నువ్వు బయల్దేరాక చేరుతుంది. అందుకే దీన్ని తలుపుకి అంటించి వెళ్తున్నాను.

నువ్వనుకున్నది నిజమే. రోజూ పొద్దున్నే ఒక గుక్క తాగేదాన్ని. రుచి బాగోలేదు. అయినా నా బిడ్డ పోసిన నీళ్లు కదా అని మింగేదాన్ని.

నీ ఉత్తరం చదివాక ట్రైలర్ కిందికి దూరాను. మంచినీళ్ల ట్యాంకు మూత ఓర్వల్ తను తీస్తానన్నాడు, పొమ్మన్నాను. మూత తిప్పగానే నీళ్లు నా చేతుల మీద పడ్డాయి. ఒక గాడి తవ్వి, పక్కనున్న పచ్చ బెరడు చెట్టు మొదట్లోకి మళ్లించాను. ముందు ఉరుకుతూ వచ్చాయి, తర్వాత సన్నబడ్డాయి, తర్వాత ఆగిపోయాయి. వాడు పోయిన రోజు నుంచి బొట్టు బొట్టుగానే ఏడుస్తూ వచ్చాను జనెల్. ఆ పూట నిండా ఏడ్చాను. ఓర్వల్ అటు తిరిగి కూర్చుని, బాగానే ఉన్న తన టైర్లకి గాలి కొట్టుకున్నాడు.

తర్వాత నువ్వు చెప్పినట్టే బ్లీచు నీళ్లు నింపి రాత్రంతా ఉంచాను. కొళాయిలన్నీ ఒక్కొక్కటే తిప్పి, వాసన పోయేదాకా కడిగాను. గొట్టాలు కలిపి చివరి కొళాయి నుంచి కొత్త నీళ్లు పట్టాను. ఇప్పుడు బక్కెట్లు బోర్లించే ఉన్నాయి. మరుగుదొడ్డి వాల్వు మూసే ఉంది, వంగి చూసుకో.

నేను పాలకి ఊళ్లోకి వెళ్తున్నాను. నీకు పాలు పోసిన కాఫీయే ఇష్టమని వాడు చెప్పేవాడు. తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్లి, కొళాయి తిప్పి, ముందు ఒక గ్లాసు నీళ్లు తాగు. అమ్మకం మాట ఆ తర్వాత ఎత్తు.

ఆ నీళ్లు నేను పట్టినవి.

మీ అమ్మ,
ఆర్డిత్