సబ్‌మెరైన్‌లో నీ గొంతు

రజిత నాయినా,

బాగున్నావా? నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఇక్కడ రజితా నేనూ ఉన్నాం... తింటున్నాం, పడుకుంటున్నాం.

విశాఖపట్నం వెళ్ళి వచ్చాం. సెలవు పెట్టి తీసుకుపోతానని నువ్వు క్యాలెండర్ వెనక రాసిపెట్టిన ఊరే. డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌస్, సబ్‌మెరైన్ మ్యూజియం... "రిటైరైనంక మోకాళ్లు పనిజెయ్యయే సరోజనా, ఇప్పుడే పోవాలె" అన్నావు. ఆ వారమే డ్యూటీకి బూట్లు వేసుకుంటూ ఒరిగిపోయావు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది.

నాకు వెళ్ళాలని లేదు. రజితే టికెట్లు తీసి, నన్ను రామగుండంలో రైలెక్కించింది.

ముందు పాత పట్నంలో సమాధుల దగ్గరికి వెళ్ళాం. ఎప్పుడో ఓడల్లో వ్యాపారానికి వచ్చి, మళ్ళీ ఇల్లు చూడకుండా ఇక్కడే కన్నుమూసినవాళ్ళు. రాళ్ళ మీద పేర్లు సగం అరిగిపోయాయి. ఆ సగం పేర్లు చూసినా నాకు కుళ్ళు పుట్టింది. నిన్ను గోదావరిలో కలిపేశాం. నీ పేరు ఏ రాయి మీద ఉంది?

మరునాడు సబ్‌మెరైన్. ఒకప్పుడు సముద్రం అడుగున తిరిగిందట, ఇప్పుడు బీచ్ ఒడ్డున జనం చూడ్డానికి పెట్టారు. లోపల అడుగుపెట్టాం. నెత్తికి తగిలే కప్పు, రెండు పక్కలా పైపులు, ఒక మనిషి మాత్రమే పట్టే దారి. కిటికీ ఒక్కటీ లేదు. ఆ గ్రీజు వాసన... నీ బట్టల వాసనే. ఇరవై ఆరేళ్ళు ఉతికాను, నాకు తెలియదా?

నువ్వు పనికి దిగే బొగ్గు గని, ఆ బాయి లోపల ఎట్లుంటదని ఎన్నిసార్లు అడిగానో. "చీకటుంటదే. అన్నం పెట్టు" అనేవాడివి. అంతే.

గుండ్రటి ఇనుప ద్వారం దాటబోతున్నాను. "తల వంచు, సరోజనా." మెడ వెనకే వినిపించింది. చప్పున వంగాను. ఇనుప అంచు నా కొప్పును రాసుకుంటూ పోయింది. తిరిగి చూస్తే వెనక ఎవరూ లేరు, వరుసలో నేనే చివరిదాన్ని... అది నువ్వేనా?

ముందు రజిత నడుస్తోంది. ప్రతి ద్వారమూ ఎవరూ చెప్పకుండానే వంగి దాటుతోంది, అచ్చం నీలాగే ఎడమ భుజం ముందుకు పెట్టి. ఆ నడక చూడలేకపోయాను. చూపూ తిప్పుకోలేకపోయాను.

నువ్వు పోయాక కంపెనీవాళ్ళు నీ ఉద్యోగం దానికి ఇస్తామన్నారు. ఇప్పుడు ఆడపిల్లలు కూడా బాయిలోకి దిగుతున్నారు. ఆఫీసు పని వద్దు, లోపలికే దిగుతానంటుంది. నా సంతకం కావాలి. నెలల తరబడి పెట్టలేదు. "నా బిడ్డ బాయి మొఖం చూడొద్దు" అన్న నీ మాటే అడ్డం పడింది.

బయటికి వచ్చి ఇసుకలో కూర్చున్నాక అది మెల్లగా చెప్పింది. "నాయిన గిట్లాంటి తావులనే పనిచేసిండమ్మా. నువ్వు ఒక్కసారన్న చూడాలని తోల్కొచ్చిన. నువ్వు వద్దంటే నేను పోను."

భయమైంది. చాలా భయమైంది. కానీ వద్దనే మాట నోట్లోంచి రాలేదు.

లైట్‌హౌస్ చూడలేదు. మేం వెళ్ళేసరికి మూసేశారు.

నిన్న సంతకం పెట్టాను. కోపం వచ్చిందా? వస్తే నా మీద చూపించు, దాన్ని ఏమీ అనకు.

ముందు శిక్షణ ఉంటుందట, ఆ తర్వాత షిఫ్టు. అది దిగే ప్రతిరోజూ అన్నం డబ్బా కట్టిచ్చి, మళ్ళీ పైకి వచ్చేదాకా ముద్ద ముట్టను. నీకోసం కూడా అన్నేళ్ళూ అట్లాగే ఉన్నాను... నీకెప్పుడూ చెప్పలేదు.

సరోజన