తలుపు మీద ఆర్.సి.

రాజోలు,
జూలై 2

ప్రియమైన ఆదిలక్ష్మికి,

ఫోన్ ఉండగా కాగితం మీద రాస్తోందేమిటని నవ్వకు. ఫోన్లో ఏం రాసినా పది గ్రూపులు తిరిగి వస్తోంది. నాకు భయంగా ఉంది.

మీ పేటలో ఇళ్ళ సర్వేకి వచ్చినప్పుడు, కార్డు చూసిన ప్రతి తలుపు మీదా సుద్దముక్కతో ఆర్.సి. అని రాశాను. రేషన్ కార్డు అని. మండలంలో టీచర్లందరం అలాగే రాశాం. ఇప్పుడది రోమన్ కేథలిక్ అట. దేశమంతా ఊళ్ళకు ఊళ్ళను గుట్టుగా మతంలో కలిపేస్తున్నారట, వెనక పై దేశాల వాళ్ళున్నారట. చాక్‌పీసులే సరిగ్గా రాని బడిలో పాఠం చెప్పుకునే నేను అంత పెద్ద కుట్రలో మనిషినట. మాది లూథరన్ చర్చి అని కూడా తెలియదు వాళ్ళకి.

నవ్వు రావాలి, రావడం లేదు. మొన్న మీ వీధి మొగలో నా సంచీ లాక్కున్నారు. గొడవ పెద్దదవుతోందని నన్ను సస్పెండ్ చేశారు. పదిహేనో తారీఖున అమలాపురంలో విచారణ. సర్వే రోజు మీ అరుగు మీదే కదా కూర్చున్నాను. నేను అడిగింది కార్డులేనని నువ్వొచ్చి ఒక్క మాట చెబితే నా ఉద్యోగం నిలబడుతుంది.

నీ హాస్టల్ స్నేహితురాలు,
మెర్సీ

జూలై 6

ప్రియమైన మెర్సీకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి బియ్యం డబ్బాలో దాచాను.

ఇక్కడ ఎవరి నోట విన్నా అదే మాట. ఎవరో ఆడమనిషి మాట్లాడిన వాయిస్ ఒకటి తిరుగుతోంది. మా ఆయన చెరువు గట్టు మీద నలుగురినీ కూర్చోబెట్టుకుని అదే వింటున్నారు. రొయ్యకి తెల్లమచ్చ రోగం వచ్చినా, రేటు పడిపోయినా, "అంతా వాళ్ళ పనేనండీ" అంటే మిగతావాళ్ళు "ఆయ్" అంటున్నారు. రేటెందుకు పడిందో ఇన్నాళ్ళూ వీళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పేవాళ్ళు దొరికారు, అందుకే వదలడం లేదు.

పదిహేనున మా చిన్నికి పరీక్ష ఉంది. రావడం కుదురుతుందో లేదో. ఒంట్లో జాగ్రత్త.

నీ ఆదిలక్ష్మి

రాజోలు,
జూలై 9

ఆదిలక్ష్మికి,

జూలై పదిహేనున ఏ బడిలో ఏ పరీక్ష ఉందో నాకు తెలియదా? రానంటే రానని రాయి, బాధపడతాను గానీ నిన్ను తిట్టను. అబద్ధం మాత్రం చెప్పకు. ఆ వాయిస్ నేను వినలేదు, వినే ధైర్యం లేదు. ఆ మాటలన్న మనిషి ఎవరో గానీ, నేను ఆమెకు ఏం అపకారం చేశానో ఒక్కసారి అడగాలనుంది.

మెర్సీ

జూలై 12

ప్రియమైన మెర్సీకి,

ఆ గొంతు నాది.

సర్వే రోజు తలుపు మీద రాత చూసి "ఇదేంటే?" అని నేనడిగితే, "మిమ్మల్నందర్నీ మాలో కలిపేసుకుంటున్నాం, నీకు పాస్టరమ్మ ఉద్యోగం ఖాయం" అన్నావు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. నువ్వు వెళ్ళగానే కొత్తపేటలో ఉన్న మా అక్కకి వాయిస్ పెట్టాను. "మన మెర్సీ తలుపుల మీద ఆర్.సి. రాసేసిందే అక్కా, పేటంతా కలిపేసుకుంటారంట" అని చెప్పి పకపకా నవ్వాను. అక్క ఎవరికో పంపింది. ఎక్కడో ఎవరో నా నవ్వు కత్తిరించేశారు. అది లేకపోతే ఆ మాటలు నాకే భయం పుట్టించాయి. నీ సంచీ లాక్కున్న రోజు నేను కిటికీలోంచి చూశాను. బయటికి రాలేదు. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు.

నిన్న మా ఆయనకి అంతా చెప్పేశాను. నా ఫోన్లో ఉన్నది మొదటి నుంచి చివరి దాకా, నవ్వుతో సహా వినిపించాను. అంతా విన్నారు. "వాళ్ళు ఎంతిచ్చేరే నీకు?" అన్నారు. ఆ నవ్వు తరవాత అతికించిందట. పధ్నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషికి నా నవ్వు గుర్తులేదు మెర్సీ.

ఈ ఉత్తరం విచారణలో చూపించు. చూపిస్తే ఈ పేటలో నన్నుండనివ్వరు, ఈ ఇంట్లోనూ ఉండనివ్వరు. అది తెలిసే రాస్తున్నాను. ఎవరో రాయించారని అనకుండా పూర్తి పేరుతో సంతకం పెడుతున్నాను.

ఇట్లు,
కామాడి ఆదిలక్ష్మి,
భర్త పేరు వీరబాబు