వెలిసిపోని చోటు

బహ్రెయిన్, గురువారం రాత్రి

ఒళ్ళు మండిపోతోంది. మూడు నెలలుగా మా హోటల్‌లో ఉంటున్న ఆ ముగ్గురు విదేశీయులూ ఇంజనీర్లట. వాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేసేది నేనే. భుజాల మీద బిళ్ళలు ఊడదీసిన చోట రంగు వెలిసిపోలేదు, నక్షత్రాల ఆకారం అలాగే ఉంది. ఇంజనీర్లకు నక్షత్రాలెందుకు?

పోయిన వారం ముగ్గురూ ఎటో వెళ్ళారు. ఇవాళ ఇద్దరే వచ్చారు. వాళ్ళ బట్టలు మందుగుండు వాసన కొట్టాయి. మూడో ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసి ఉన్నాయి, ఎవరికివ్వాలని సూపర్‌వైజర్ బషీర్ భాయ్‌ని అడిగాను.

"ఏ మూడో ఆయన? ఆ రూముల ఎవలూ దిగలే. అవి చింపి నేల తుడిచే పోచా గుడ్డలు చెయ్యి, ఖలాస్" అన్నాడు.

మరి ఇన్నాళ్ళూ నేనెవరికి ఇస్త్రీ చేసినట్టు? కాలరుకు గంజి వద్దని, మెడ ఒరుసుకుపోతోందని, చేత్తో చూపించి మరీ చెప్పాడే ఆ మనిషి!

ఇస్త్రీ మడతల మీదే కత్తెర పెట్టాను.

గదికి వచ్చాక ఇంటి నుంచి నా భార్య సుజాత ఫోన్. "మీ దిక్కు లడాయి నడుస్తున్నదట గదా. మీ హోటల్ల మిలిటరీవాళ్ళు గిట్ల ఉన్నరా?"

"ఎవలూ లేరు" అన్నాను.