ఇంజను మీది రాత

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున చిన్నాయన నీ పెట్రోలు ఇంజనుకు మళ్ళీ తాడు కట్టాడు, బావిలోకి దించడానికి. నీళ్ళు అడుగంటాయి, పైనుంచి అందవట. మన చేనికి మూడు వైపులా సోలార్ ప్యానెళ్ళే. ఆ కరెంటు మన బావి దాకా మాత్రం రాదు.

"అన్న బావిలో ఇంజను పక్కన కూసోనే కదా ఊపిరాడక పోయినాడు? ఆ పొగలో విషం ఉండాది చిన్నాయనా. దానికి వాసన గూడా ఉండదు," అన్నాను.

"ఊరుకోవే. వాని రాత అట్లుండె. ఇంజనేం జేసింది?"

రాతట! నాకు ఒళ్ళు మండింది. ఆ రాత ఇంజను మీదే ఉంది, ఇంగ్లీషులో. 'వెల్ వెంటిలేటెడ్' చోటనే నడపమని. అది చదివి నువ్వు నవ్వావు: "సూడు పాపా, బావిలోనే పెట్టుకోమని వాళ్ళే రాసినారు."

ఆ వెల్ అంటే బావి కాదన్నా, బాగా అని. బాగా గాలి ఆడే చోటని. ఈ ఏడు కాలేజీలో చేరాకే నాకూ తెలిసింది. మన చేలకు అమ్మే ఇంజను మీద మన భాషలో ఒక్క ముక్క రాయడానికి వాళ్ళకేం రోగం?

తాడు విప్పి పారేసి ఇంజను మీద కూర్చున్నాను. "నన్నూ దించు," అన్నాను.

చిన్నాయన చెయ్యెత్తాడు. కొట్టలేదు. "చెనిక్కాయ ఎండిపోతే ఏం తింటావే?" అన్నాడు.

నిజమే. వేరుశెనగ చేను వాడిపోతోంది. వాడిపోనీ, అన్నా. ఇంకో మనిషిని మాత్రం ఆ బావిలోంచి పైకి లాగనివ్వను.