ఆకుపచ్చ అట్ట రికార్డు మీద గీత

తెనాలి గంగానమ్మపేట కాపురస్తుడను, కీర్తిశేషులు ములుకుట్ల వేంకటేశ్వర్లు గారి కుమారుడను, రిటైరైన సైన్సు మాస్టారు వెంకటకృష్ణయ్య అను నేను, డెబ్భై నాలుగో ఏట, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఇది. కళ్ళు మసకబారాయి గాని చెవులు బాగానే ఉన్నాయి. ఇంతకు ముందు రాసిన వీలునామా చెల్లదు. అందులో ఆస్తి వివరాలు సరిగ్గానే ఉన్నాయి, ఒక అబద్ధం మాత్రం ఉంది.

1. అంగలకుదురులోని అరవై సెంట్ల మాగాణి, బాపట్లలో ఎరువుల దుకాణం నడుపుకుంటున్న నా కుమారుడు కృష్ణకాంత్‌కు దఖలు పడవలెను. తెనాలి ఇల్లు అతనికీ, రేపల్లెలో కాపురమున్న నా కుమార్తె రాగసుధకూ చెరిసగం. వాళ్ళు తగువు పడే రకం కాదు. ఈ ఇంట్లో తగువులన్నీ నావే.

2. నా భార్య కీర్తిశేషురాలు శేషారత్నం శ్రుతిపెట్టె రాగసుధకు చెందవలెను. ఆవిడ వంటింట్లో కూరలు తరుగుతూ పిల్లకు గీతాలు నేర్పింది. ఏనాడూ పరీక్ష పెట్టలేదు. పిల్లకు అవన్నీ ఇప్పటికీ వచ్చు.

3. నా చేతి గడియారం రేడియోలు బాగుచేసే ప్రభుదాస్‌కు. ఈ వీలునామా అమలు జరిపించవలసినది కూడా అతనే. చర్చిలో ఫిడేలు వాయిస్తాడు. "అరవై మంది కలిసి వాయిస్తారండి మాస్టారూ, పిల్లలకు వినిపించండి" అని మద్రాసు నుంచి మొదటి ఆర్కెస్ట్రా రికార్డు తెచ్చిచ్చినవాడు. వినిపించమన్నాడు గాని, పరీక్ష పెట్టమనలేదు. ఆ తెలివి నాదే.

4. నా బీరువాలో నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి ఉంది. ప్రతి ఆదివారం పిల్లలకు తలంటు అయ్యాక, చాప మీద చేతులు కట్టించి కూర్చోబెట్టి రికార్డు పెట్టేవాణ్ణి. ఇప్పుడు మోగింది ఏ వాయిద్యమో చెబితే అయిదు మార్కులు, కదలకుండా కూర్చుంటే అయిదు. కృష్ణకాంత్ అట్ట వెనక ఉన్న పేర్లు బట్టీపట్టి పదికి పదీ తెచ్చుకుని, వెండి గ్లాసు బహుమతి కొట్టాడు. ఇప్పుడు ఆ సంగీతం వినబడితే కునుకుతాడు. నాకు భయపడి విన్నాడు పాపం. ఆ పుస్తకం నీళ్ళ పొయ్యిలో వేయవలెను.

5. అసలు సంగతి. 1983లో ఒక ఆదివారం ఆకుపచ్చ అట్ట రికార్డు పెట్టాను. మూడో భాగంలో, తొమ్మిదేళ్ళ సుధ చేతులు విప్పి తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. రెండు దెబ్బలు, ఒక విసురు. ఇదేమన్నా పాటకచేరీనా అని అరిచి, కోపంతో ప్లేయరు చెయ్యి పట్టి లాగాను. ముల్లు రికార్డు మీద అడ్డంగా ఈడ్చుకుపోయింది. స్కేలుతో పిల్ల చేతి మీద కొట్టాను. పుస్తకంలో సున్నా వేశాను. సుధ స్టూలు కదిపి రికార్డు పాడుచేసిందని బంధువులందరికీ చెప్పాను. పాత వీలునామాలో కూడా అదే రాసి, రికార్డులు కొడుక్కిచ్చాను.

ప్రభుదాస్ గీత చూసి, "ఇది ఊగితే పడింది కాదండి, చేత్తో లాగితే పడింది. ఆ భాగం మూడు లెక్కలోనే నడుస్తుందండి. పాప సరిగ్గానే వేసింది" అన్నాడు. మూడేళ్ళు అతనితో మాట్లాడలేదు. సుధ మళ్ళీ ఆ రికార్డుల గదిలో అడుగుపెట్టలేదు.

6. పోయిన వేసవిలో సుధ కూతురు శ్రీవల్లి వచ్చింది. ఎనిమిదేళ్ళు. "తాతయ్యా, ఆ పెట్టె ఏంటి?" అంటే ఒక రికార్డు పెట్టాను. కాసేపటికి పిల్ల మోకాలి మీద దరువు వేస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో వంటింట్లోంచి సుధ గుమ్మం దాకా వచ్చి, లోపలికి చెయ్యి చాచి పిల్ల చెయ్యి పట్టుకుంది. "కదలకూడదమ్మా, తాతయ్యకు కోపం వస్తుంది" అంది. కాదని చెప్పాలని నోరు తెరిచాను. బస్సు ఎన్నింటికని అడిగాను. సాయంత్రం బస్సుకు వాళ్ళు వెళ్ళిపోయారు.

7. కనుక ప్లేయరు, స్పీకర్లు, పది రికార్డులు శ్రీవల్లికి, మేజరయ్యే వరకు తల్లి సంరక్షణలో. షరతు ఏమనగా, వినే పిల్లను ఎవరూ ఏమీ అడగరాదు. మధ్యలో మంచినీళ్ళకు లేవవచ్చు, నిద్రపోవచ్చు, గెంతవచ్చు. చెయ్యి మాత్రం ఎవరూ పట్టుకోరాదు. ఇది కోర్టులో నిలవదని ప్లీడరు చెప్పాడు. అయినా తీసెయ్యను.

8. పదకొండోది, ఆకుపచ్చ అట్ట రికార్డు, రాగసుధకు. గీత దగ్గర ముల్లు ఆగి అదే ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది. అమ్మా సుధా, ఆ గీత నేను గీసింది. ఆ రోజే నాకు తెలుసు. చాలాసార్లు ఫోను చేసి, అల్లుడు ఎత్తితే వానల గురించి మాట్లాడి పెట్టేశాను. తాళం నువ్వు సరిగ్గానే వేశావు తల్లీ.

ఇది చదివి వినిపిస్తే సాక్షి రంగమ్మ, "రేపల్లె ఎంత దూరమండి మాస్టారూ, గంట బస్సే కదా" అంది. ఆనాడు సున్నా వేసిన చేత్తోనే కింద సంతకం చేస్తున్నాను.

తెనాలి, 2006 ఆగస్టు 13, ఆదివారం.

(సంతకం) ములుకుట్ల వెంకటకృష్ణయ్య

సాక్షులు:
1. శ్రీనివాసరావు, పక్కింటివారు (సంతకం)
2. రంగమ్మ, వంటమనిషి (విని, ఒప్పుకుని వేసిన వేలిముద్ర)